కొలతల పుస్తకంలో చివరి పేజీలు

మహబూబ్‌నగర్‌లో బ్లౌజులు కుట్టడం నా పని. అమ్మ పోయిన ఆరో నెలలో, పెళ్లిళ్ల సీజను అయిపోయి చేతిలో పని పలచబడ్డాక మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ, గుండెదడ, అరచేతుల్లో చెమట. ఫోను మోగితే బ్లౌజు కుదరలేదని ఎవరో తిడతారని భయం. ఆ నెలంతా ఒక్కరూ తిట్టలేదు, అది వేరే సంగతి. ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష రెండూ బాగానే వచ్చాయి. సంతోషించాల్సింది పోయి ఏడ్చాను.

అక్క వచ్చి ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. వద్దనలేదు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లడానికి మాత్రం సిగ్గు అడ్డొచ్చింది.

ఒక ఆదివారం మా అమ్మాయి పిల్లలమర్రికి, అదే మా ఊరి పాత మర్రిచెట్టు దగ్గరికి, తీసుకెళ్లింది. చెదలు పట్టి 2017 చివర్లో ఆ మర్రి కొమ్మ ఒకటి విరిగిపడితే, మరుసటి ఏడు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఒరిగిన కొమ్మల కింద స్తంభాలు కట్టారు. "అమ్మా, చెట్టుకే సెలైన్ పెట్టిన ఊరు మనది. నువ్వు ఒక్క ఫోను చేయలేవా?" అంది.

ఆ రాత్రే 14416కు చేశాను. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. అవతల ఒకామె తెలుగులో నిదానంగా మాట్లాడింది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడితే సొంత వైద్యంతో సరిపెట్టుకోవద్దని చెప్పింది. తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరును కూడా కలిశాను.

ఇంట్లో చేసుకున్నవి చిన్నవే. రోజుకు ఐదు టీలు తాగేదాన్ని. రెండుకు తగ్గించాను, సాయంత్రం నాలుగు దాటితే ముట్టను. మొదటి మూడు రోజులు తలనొప్పితో మిషను ముందు కూర్చోలేకపోయాను. దడ వస్తే నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదులుతాను. ఫోనులో ధ్యానం పాఠాలు మాత్రం నాకు అచ్చిరాలేదు; కళ్లు మూసుకుంటే బాకీలే కనిపించాయి.

బాగా పనికొచ్చింది కొలతల పుస్తకం. సాయంత్రం ఐదింటికి పావుగంట, దాని చివరి పేజీల్లో ఆ రోజు భయాలన్నీ రాస్తాను. రాత్రి మూడింటికి అవే వస్తే, "ఐదింటికి రండి" అంటాను. ఖాతాదారులకు చెప్పినట్టే. కొన్ని వింటాయి.

మంచం దిగబుద్ధి కాని రోజుకు డాక్టరు చెప్పిన ఉపాయం వేరు: ఆ రోజుకు బ్లౌజు మొత్తం అనుకోవద్దు, ఒక్క హుక్కు అనుకోమన్నారు. మొన్న మంగళవారం అలాంటి రోజే వచ్చింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నాలుగు హుక్కులు కుట్టాను. ఐదోదానికి దారం అయిపోయింది. చెప్పులు వేసుకుని కొనుక్కురావడానికి వెళ్లాను.