అప్పుడు ఊరి పిల్లను, ఇప్పుడు టౌను తల్లిని

పోయిన ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. చేతులు చల్లబడిపోయాయి. టీజే అనే హైస్కూల్ ప్రవేశాల పోర్టల్ తెరుచుకున్నాక కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. సీటు వచ్చిందనీ లేదు, రాలేదనీ లేదు. "వెయిట్‌పూల్" అని ఉంది. తర్వాత ఆ వెయిట్‌పూల్ నుంచి కూడా పిలుపు రాలేదు.

ఆ రాత్రి అన్నానికి కిందికి దిగలేదు. పెరుగన్నం కలిపి పైకి పట్టుకెళ్లాను. గోడ వైపు తిరిగి పడుకుని అడిగింది: "అమ్మా, నేను ఇండియన్ కాకపోయుంటే వచ్చేదా?"

పదమూడేళ్ల పిల్ల. అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. "ముందు తిను, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. మాట్లాడుకోవడానికి నాకు చాలా వారాలు పట్టింది.

మేముండేది వర్జీనియాలో, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పడమటి వైపు. ఇక్కడి తెలుగు ఇళ్లలో టీజే అంటే విడమరచి చెప్పక్కర్లేదు. థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ. 1985లో పెట్టారు. ప్రభుత్వ బడే, కానీ ఎంపికైన వాళ్లకే ప్రవేశం. లౌడన్, ప్రిన్స్ విలియం, ఆర్లింగ్టన్ కౌంటీల పిల్లలు కూడా పోటీ పడతారు. మేం ఇల్లు కొనేటప్పుడు వంటగది కంటే ముందు చూసింది, ఆ ఇల్లు ఏ మిడిల్ స్కూల్ కిందికి వస్తుందన్నదే. అమ్మాయి రెండో తరగతిలో ఉండగానే కాగాట్ పరీక్ష పుస్తకాలు కొన్నాం. ఆ మార్కులు కూడా చూసి మూడో తరగతి నుంచి ఏఏపీ అనే అడ్వాన్స్‌డ్ క్లాసుల్లోకి తీసుకుంటారు. అందులో పడితే లెక్కలు ముందుకు సాగుతాయి, ఎనిమిదో తరగతికి ఆల్జీబ్రా అయిపోతుంది, అక్కడి నుంచి టీజే. ఇదంతా ఇంటింటికీ తెలిసిన దారి. ఈ దారి తెలియడమే పెద్ద ఆస్తి అని మాత్రం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

2020 దాకా టీజేకు పరీక్షలు ఉండేవి. లెక్కలకు క్వాంట్-క్యూ, రీడింగుకూ సైన్సుకూ ఏసీటీ ఇన్‌స్పైర్. దరఖాస్తుకు 100 డాలర్లు. వాటిలో గట్టెక్కిన వాళ్లు వ్యాసాలు రాసేవారు, టీచర్లు సిఫారసు ఉత్తరాలు ఇచ్చేవారు. ఆ ఏడు సీటొచ్చిన 486 మందిలో సుమారు 73 శాతం ఆసియన్ పిల్లలు. నల్లజాతి పిల్లలు పదిమంది కూడా లేరు. ఎంత మందో కాగితం మీద అంకె కూడా వేయలేదు, సంఖ్య మరీ చిన్నదని. పేద కుటుంబాల పిల్లలు ఒక్క శాతం కూడా లేరు.

ఆ ఏడాది చివర్లో స్కూల్ బోర్డు పద్ధతి మార్చేసింది. పరీక్షలు లేవు, ఫీజు లేదు. సీట్లు 550కి పెంచారు. గ్రేడ్ల సగటు నాలుగింటికి 3.5కి తగ్గకూడదు, ఎనిమిదిలో కనీసం ఆల్జీబ్రా వన్ చదువుతూ ఉండాలి. పిల్లలు తమ గురించి రాసుకునే ఒక స్టూడెంట్ పోర్ట్రెయిట్ షీట్, ఒక ప్రాబ్లం సాల్వింగ్ వ్యాసం. అన్నిటికంటే పెద్ద మార్పు ఏమిటంటే, ప్రతి ప్రభుత్వ మిడిల్ స్కూల్‌కూ ఆ బడి ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతం చొప్పున సీట్లు కేటాయించారు. 600 మంది ఉంటే 9 సీట్లు. మిగిలిన సుమారు 100 సీట్లకు అందరూ కలిసి పోటీ. ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకూ, బడిలో ఉచిత భోజనం తినే పిల్లలకూ, టీజేకు ఎక్కువమందిని పంపని బడుల పిల్లలకూ కొంత మొగ్గు పెట్టారు.

అంతకుముందు కొన్ని మిడిల్ స్కూళ్ల నుంచి ఏటా పదుల సంఖ్యలో వెళ్లేవారు, మరికొన్నింటి నుంచి ఏళ్ల తరబడి ఎవరూ వెళ్లేవారు కాదు. మా అమ్మాయిది మొదటి రకం బడి. ఆ క్లాసులో ఆల్జీబ్రా దాటి జామెట్రీ చేస్తున్న పిల్లలే బోలెడు మంది. అందరికీ 4.0. వాళ్లలో ఎవరిని ఎందుకు తీసుకున్నారో, ఎవరిని ఎందుకు ఆపారో ఏ తల్లికీ తెలియదు.

ఫలితాలొచ్చిన ఆదివారం తెలుగు క్లాసు బయట పార్కింగ్‌లో అందరం నిలబడ్డాం. "మన పిల్లల సీట్లు లాక్కుని పంచేశారు వదినా" అంది నాతో చనువుగా ఉండే ఒకావిడ. వాళ్లబ్బాయికీ రాలేదు. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. నేను తలూపాను. ఆ మాట మా అమ్మాయి విన్నది. కారెక్కాక అద్దంలో చూశాను, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను ఎందుకు తలూపానా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాట నేను అంతకుముందు ఒకసారి విన్నాను. అప్పుడు సీటు నాది.

మాది కరీంనగర్ దగ్గర పల్లె. బాపు రైస్ మిల్లులో హమాలీ. 1991లో ఐదో తరగతిలో ఉండగా మా సారు సైకిల్ మీద వెళ్లి నవోదయ అనే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి ఫారం తెచ్చి, తనే నింపి, బాపుతో వేలిముద్ర వేయించారు. ఒక్క రూపాయి ఫీజు లేదు. పరీక్ష రాశాను, చొప్పదండి నవోదయలో సీటొచ్చింది. ఆరో తరగతికి 80 సీట్లు. అందులో ముప్పావు వంతు పల్లెల్లో చదివిన పిల్లలకే. మూడో వంతు ఆడపిల్లలకు. పల్లె పిల్లను, ఆడపిల్లను, రెండు లెక్కల్లోనూ పడ్డాను.

బాపు నాకు కొత్త రేకు ట్రంకు పెట్టె కొన్నాడు. ఆకుపచ్చ రంగు. మూత మీద పెయింటర్‌తో తెల్ల అక్షరాల్లో నా పేరు రాయించాడు, ఇంటిపేరులో ఒక ఒత్తు తప్పు పడింది. ఏడేళ్లూ ఆ తప్పు ఒత్తుతోనే ఆ పెట్టె నాతో తిరిగింది. చేరే ముందు రోజు బాపు నన్ను మిల్లు గుమస్తా గారింటికి మిఠాయి పొట్లం ఇచ్చి వద్దామని తీసుకెళ్లాడు. వాళ్లబ్బాయి టౌన్‌లో ఇంగ్లీషు మీడియంలో చదివేవాడు. అదే హాల్లో, నాకు రెండు బెంచీల ముందు కూర్చుని పరీక్ష రాశాడు. అతనికి రాలేదు. వాళ్లమ్మ పొట్లం తీసుకుంది, నా వైపు చూసి లోపలికి వినపడేలా అంది: "మావాడికంటె ఈ పిల్లకెక్కువొచ్చినయా? ఊరోళ్లని ఇచ్చిండ్రు."

ఆ మాట నన్ను చాలా ఏళ్లు వెంటాడింది. మార్కులు మాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆవిడ అన్నది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. నిజమే అయ్యుండొచ్చు. ఆ అబ్బాయికి ట్యూషన్ ఉంది, బల్ల మీద లైటు ఉంది. నాకు బాపు తెచ్చిన నూకల సంచుల మధ్య కందిలి ఉండేది. ఆ సీటు రాకపోతే పదో తరగతి దాటేదాన్ని కాదు. పెళ్లయిపోయేది. తొమ్మిదో తరగతిలో మా క్లాసులో కొందరిని ఒక ఏడాది హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపారు, అక్కడి పిల్లలు మా దగ్గరికొచ్చారు. అన్నం తప్ప ఎరగని మాకు వాళ్లు రొట్టెలు చేసి పెట్టారు. ఇప్పుడు వర్జీనియాలో నా టీంలో ఐదు దేశాల వాళ్లతో పనిచేస్తున్నానంటే ఆ ఏడాది నేర్చుకున్నది తక్కువేం కాదు.

పి.వి. నరసింహారావు గారి చొరవతో 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం తెరిచారు. నవోదయలు మొదలైనప్పుడు కేంద్రంలో మానవ వనరుల శాఖ ఆయన చేతిలోనే ఉంది. ఎక్కడో పల్లెలో తెలివైన పిల్ల ఉంటుంది, ఆమె దగ్గరికి బడే వెళ్లాలి అన్న నమ్మకం మీద కట్టినవి ఇవి. ఆ నమ్మకం వల్ల బాగుపడిన దాన్ని నేను. ముప్పై ఏళ్ల తర్వాత మా కౌంటీలోనే రూట్ 1 రోడ్డు పక్కన పేదల అపార్ట్‌మెంట్లలో ఉండే ఒక పిల్లకు అలాంటి సీటు వస్తే లాక్కున్నారు అనడానికి నాకు నోరెలా వస్తుంది?

అంతమాత్రాన టీజేలో జరిగిందంతా సబబే అని కూడా నేను అనలేను. మా వాళ్ల బాధలో నిజం ఉంది. ఈ మార్పు మీద 2021లో తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. బోర్డు సభ్యులు తమలో తాము పంపుకున్న మెసేజ్‌లు అక్కడ బయటపడ్డాయి. ఈ వ్యవహారంలో ఆసియన్ల మీద వ్యతిరేకత అడుగున ఉందని వాళ్లలోనే ఒకరు రాసుకున్నారు. అది చదివినప్పుడు కడుపు రగిలింది. 2022 ఫిబ్రవరిలో జడ్జి క్లాడ్ హిల్టన్ కొత్త పద్ధతి చెల్లదన్నారు. మరుసటి ఏడు మేలో పై కోర్టు ముగ్గురు జడ్జిల్లో ఇద్దరి మాటతో ఆ తీర్పును కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినబోనంది, జడ్జి అలిటో అసమ్మతి రాశారు, జడ్జి థామస్ దానితో ఏకీభవించారు.

కోర్టు కాగితాల్లో ఇంకో అంకె ఉంది. మా వాట్సాప్ గ్రూపుల్లో దాన్ని ఎవరూ ఎత్తరు. కొత్త పద్ధతి మొదటి ఏడు ఆసియన్ పిల్లల వాటా 54 శాతానికి తగ్గింది, నిజమే. కానీ పేద ఆసియన్ కుటుంబాల పిల్లలు అంతకుముందు ఏడు ఒక్కరే ఎంపికైతే ఈసారి 51 మంది ఎంపికయ్యారు. ఆ 51 మందీ మన లెక్కలోకి ఎందుకు రాలేదు? "మన పిల్లలు" అన్నప్పుడు మన మనసులో ఉన్నది మన వీధి పిల్లలే కాబట్టి. క్యాష్ రిజిస్టర్ దగ్గర రాత్రి డ్యూటీ చేసే తండ్రి కొడుకు కూడా ఆసియనే. వాడికి కాగాట్ పుస్తకం ఎవరు కొంటారు?

పరీక్ష ఒక్కటే పెడితే చాలు, న్యాయం దానంతటదే వస్తుందని అనేవాళ్లకు మా చిన్నమ్మ కూతురు న్యూయార్క్ సంగతి చెబుతుంది. అక్కడ 1971 చట్టం ప్రకారం స్టైవసెంట్ లాంటి పేరున్న ప్రభుత్వ హైస్కూళ్లకు ఒకే ఒక పరీక్ష. 2019లో స్టైవసెంట్‌కు 895 మందిని పిలిస్తే నల్లజాతి పిల్లలు ఏడుగురు. మళ్లీ అదే పరీక్ష పట్టుకుని అక్కడ చైనా, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన పేద కుటుంబాల పిల్లలు ఎందరో పైకొచ్చారు. ఇంగ్లీషు వ్యాసంలో తన గురించి గొప్పగా రాసుకోవడం రాని పిల్లకు లెక్కల ప్రశ్నే దిక్కు. నాకూ అంతే. చొప్పదండిలో నన్ను "నీ గురించి నువ్వు రాయి" అని ఉంటే ఏం రాసేదాన్ని? బాపు హమాలీ అని రాయడానికి కూడా సిగ్గుపడేదాన్ని.

అందుకే నాకు నవోదయ పద్ధతి మీదికే మనసు పోతుంది. ఎవరి వంతు ఎంతో ముందే చెప్పారు, ఆ వంతు లోపల పరీక్ష పెట్టారు. రెండూ ఉన్నాయి. టీజేలో బడికింత అని వంతు పెట్టి పరీక్ష తీసేశారు. అంతకుముందు పరీక్ష ఉంచి వంతు మరిచారు.

ఇవన్నీ ఒకరోజు మా అమ్మాయికి చెప్పాను, ట్రంకు పెట్టె సంగతితో సహా. చాలాసేపు విన్నది. "సో, వాళ్లమ్మ నిన్ను అన్నట్టే మనం ఇప్పుడు వేరేవాళ్లని అంటున్నామా?" అంది. అవునన్నాను. "మరి నా క్వశ్చన్?"

"ఇండియన్‌వి కాకపోయినా మన బడిలోనే ఉండి ఉంటే ఇంతే పోటీ బిడ్డా. కానీ ఈ వ్యవహారంలో మనవాళ్ల మీద వ్యతిరేకత ఉందని బోర్డు వాళ్లే రాసుకున్నారు, అది తప్పు. నువ్వు కష్టపడ్డావు, అది అబద్ధం కాదు. నీ సీటు ఎవరూ దొంగిలించలేదు, అదీ నిజం." అంతకంటే తెలివైన జవాబు నాకు రాలేదు. "ఇట్స్ స్టిల్ నాట్ ఫెయిర్" అని ఏడ్చింది. ఏడవనిచ్చాను.

వీడియో కాల్‌లో బాపుకు చెప్తే, "పెద్ద బడి రాకుంటే చిన్న బడిలో సార్లు లేరా బిడ్డా?" అన్నాడు మనవరాలితో. తనకు అది ఓదార్పు కాలేదు గానీ, తాతను బాధపెట్టకూడదని నవ్వింది.

గత వారం మా ప్రాంతపు బోర్డు సభ్యురాలికి ఈమెయిల్ రాశాను. బడికింత అన్న వంతు తీసేయొద్దు. పరీక్ష మళ్లీ పెట్టండి, కానీ దరఖాస్తు అడక్కుండా ఎనిమిదో తరగతి పిల్లలందరికీ, బడి వేళల్లోనే, ఉచితంగా. ఏ బడిలోనైనా ఆల్జీబ్రాకు తయారయ్యే లెక్కల క్లాసు చిన్న తరగతుల నుంచే ఉండాలి. సీటు రాని పిల్లకు ఎక్కడ ఎంత తగ్గిందో చెప్పండి, లేకపోతే ఆ పిల్ల తన పుట్టుకనే తప్పు పట్టుకుంటుంది.

పంపే ముందు ఇంగ్లీషు సరిచూడమని అమ్మాయికిచ్చాను. రెండు చోట్ల కామాలు పెట్టింది. మొదటి పేరాలో తన గురించి రాసిన నాలుగు వాక్యాలు కొట్టేసింది. "నా గురించి వద్దమ్మా, నీ బాక్స్ గురించి రాయి" అంది. రేకు ట్రంకును ఇంగ్లీషులో ఏమనాలో ఇద్దరం కాసేపు వెతుక్కున్నాం.