పేరు రాయని కానుక

"నీవైతే ధర్మము చేయునప్పుడు, నీ ధర్మము రహస్యముగానుండు నిమిత్తము నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను."

మత్తయి 6వ అధ్యాయంలోని ఈ మాట చదివినప్పుడల్లా నా ఆలోచన ఇచ్చేవాడి మీదే ఉండేది. గొప్పలు పోకూడదు, అంతే కదా అనుకునేవాణ్ణి. నెదర్లాండ్స్‌లో డిసెంబరు 5 సాయంత్రం చేసుకునే సింటర్‌క్లాస్ పండుగ గురించి తెలిశాక, పుచ్చుకునేవాడు కూడా కనిపించడం మొదలైంది.

సింటర్‌క్లాస్ అంటే పరిశుద్ధ నికొలస్, 4వ శతాబ్దంలో మూర పట్టణపు బిషప్. పౌలును ఖైదీగా రోమాకు తీసుకెళ్తూ ఓడ మార్చింది ఆ మూరలోనే. ఇప్పుడది టర్కీలో ఉంది.

ఆయన గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. బాగా బతికి చితికిపోయిన ఒక తండ్రి, కట్నం ఇచ్చుకోలేని ముగ్గురు కూతుళ్లు. వాళ్లను వ్యభిచారంలోకి పంపడం తప్ప దారి లేదనుకునే స్థితికి వచ్చాడు. నికొలస్ రాత్రిపూట వెళ్లి కిటికీలోంచి బంగారు నాణేల మూట లోపలికి విసిరాడు. పెద్దమ్మాయి పెళ్లయింది. మళ్లీ ఒక మూట, రెండో పెళ్లి. మూడోసారి తండ్రి నిద్ర మానుకుని కాపు కాశాడు, పరుగెత్తి పట్టుకుని కాళ్ల మీద పడ్డాడు. నేను బతికున్నంత కాలం ఎవరికీ చెప్పొద్దని నికొలస్ మాట తీసుకున్నాడట.

పగలు తలుపు తట్టి ఇచ్చి ఉంటే? ఆ ఆడపిల్లలు జీవితాంతం ఫలానా ఆయన డబ్బుతో పెళ్లయినవాళ్లుగా మిగిలిపోయేవారు. ఆ చీకటి వాళ్ల పరువు కాపాడింది. గుప్తదానం అని మనం అనేది ఇదే.

డచ్ వాళ్ల పండుగలో ఈ గుట్టు ఇంకా బతికే ఉంది. నవంబరు మధ్యలో సింటర్‌క్లాస్ స్పెయిన్ నుంచి స్టీమర్‌లో దిగినట్టు ఊరేగింపు చేస్తారు. అప్పటినుంచి పిల్లలు రాత్రి పొయ్యి దగ్గర బూటు పెట్టి, ఆయన గుర్రం కోసం అందులో క్యారెట్ వేస్తారు. పొద్దున లేచేసరికి బూటులో చాక్లెట్ అక్షరం ఉంటుంది, ఆ బిడ్డ పేరులోని మొదటి అక్షరం. ఇచ్చినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా కనిపించదు.

పెద్దవాళ్లు చీటీలు తీస్తారు, మన దగ్గర క్రిస్మస్ ఫ్రెండ్ కోసం తీసినట్టే. ఎవరి పేరు వస్తే వాళ్ల కోసం కానుకను అట్టలతో, కాగితాలతో చేసిన ఏదో ఒక బొమ్మ కడుపులో దాచి, తోడుగా ఒక పద్యం రాస్తారు. ఆ ఏడాది వాళ్లు చేసిన పొరపాట్లు, వాళ్ల అలవాట్లు ప్రేమగా ఆటపట్టిస్తూ అందులో ఉంటాయి. కింద సంతకం 'సింట్'. అందుకున్నవాళ్లు అందరిముందూ దాన్ని పైకి చదవాలి. రాసిందెవరో ఊహించినా, థాంక్స్ చెప్పేది సింటర్‌క్లాస్‌కే.

ఈ పండుగలో ఒక గాయమూ ఉంది. ఆయన సహాయకుడు పీట్ వేషానికి ముఖమంతా నల్లరంగు పూసుకోవడం అక్కడి నల్లజాతివారిని ఎంతో బాధపెట్టింది. ఏళ్ల గొడవల తర్వాత చాలాచోట్ల ఇప్పుడు బుగ్గల మీద మసి మరకలు మాత్రమే పెడుతున్నారు. ఇది మంచి మార్పు. ఒకరి మర్యాద కాపాడిన సాధువు పేరిట ఇంకొకరి మర్యాద తీయకూడదు.

డచ్ చిత్రకారుడు యాన్ స్టేన్ 1660లలో ఈ పండుగ పొద్దునను చిత్రించాడు. ఆ చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. ఒక చిన్నపిల్ల బొమ్మను గుండెకు హత్తుకుని మురిసిపోతోంది. పక్కన ఆమె అన్న ఏడుస్తున్నాడు, అల్లరి చేసినందుకు వాడి బూటులో బెత్తం దొరికింది మరి. ఇంకో పిల్లాడు వాణ్ణి వేలెత్తి చూపిస్తూ నవ్వుతున్నాడు. వెనకాల, గది లోపలి వైపు, నానమ్మ మంచం తెర కొంచెం పక్కకు లాగి, ఇటు రా అని వాడికి వేలితో సైగ చేస్తోంది. వాడు ఇంకా వెనక్కి తిరగలేదు.