సోడియం 116

మావారికీ నాకూ రక్తపోటు ఉంది. ఆయనకు ఎన్నో ఏళ్లుగా ఉన్నదే, నాకు అరవై దాటాక బయటపడింది. మాది నెల్లూరు జిల్లా అల్లూరు వైపు. ఇస్కపల్లి ఉప్పు మళ్లు దగ్గర్లో ఉన్నందువల్లనో ఏమో, మా ఇళ్లల్లో ఉప్పుకు ఏనాడూ వెనకాడింది లేదు. చేపల పులుసులో ఉప్పు, పులుపు, కారం పోటీ పడాల్సిందే, పెరుగన్నంలోకి ఆవకాయ ముక్క ఉండాల్సిందే. మావారి పై అంకె 160 దగ్గర మొరాయించినప్పుడు, డాక్టరు మందు పెంచకుండా ముందుగా ఊరగాయలు, ఎండుచేపలు, అప్పడాలు మాన్పించి, కూరల్లో ఉప్పు సగానికి తగ్గించమన్నారు. కొద్ది వారాల్లోనే ఆ అంకె 140 లోపుకు దిగింది. ఒకే పొయ్యి మీద వండిన ఆ చప్పిడి కూరలే నేనూ తిన్నాను గాని, నా అంకె దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది. అందుకని నాకు క్లోర్‌థాలిడోన్ అనే మాత్ర రాశారు. ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపి రక్తపోటు తగ్గించే రకం మాత్ర అది. మంచి మందే, ఎందరికో పనిచేస్తున్నది.

అప్పటికి ఎండలు ముదిరాయి. మే నెలలో మా వైపు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవారికి నేను చెప్పనక్కర్లేదు. మాత్ర వేసుకుంటున్నాను కదా, ఒళ్లు ఎండిపోకూడదని బిందెలకు బిందెల నీళ్లు ఖాళీ చేస్తూ, మధ్యాహ్నాలు కొబ్బరిబోండాలు, సాయంత్రాలు ఉప్పు వేయని మజ్జిగ తాగాను. ముందు ఒంట్లో సత్తువ పోయింది, ఆ తర్వాత తలనొప్పి, వికారం, నడకలో తూలుడు మొదలయ్యాయి. ఒకనాడు తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేయబోయి, చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటైన మెలికను ఏ చుక్క చుట్టూ తిప్పాలో తోచక, పిండి గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. “ఏమైంది అత్తయ్యా?” అని కోడలు అడుగుతున్నది వినిపిస్తూనే ఉంది, జవాబు చెప్పాలనీ తెలుస్తూనే ఉంది, మాట మాత్రం కూడిరాలేదు. వడదెబ్బ అనుకుని వాళ్లు మరో రెండు బోండాలు కొట్టించి తాగించారు. కొబ్బరినీళ్లలో పొటాషియం మెండుగా ఉంటుంది గాని సోడియం తక్కువ, కాబట్టి ఆ ఉపచారం నా రక్తాన్ని ఇంకాస్త పలచన చేసి ఉంటుంది.

నెల్లూరులో ఆసుపత్రికి తీసుకెళితే రక్తంలో సోడియం 116 అని తేలింది. 135 నుంచి 145 వరకు ఉండాల్సింది. “ఉప్పే కదండీ తగ్గింది, సెలైన్‌తో గబగబా ఎక్కించేస్తే పోతుంది గదా?” అని మా మరిది అడిగాడట. డాక్టరమ్మ అతనికి చెప్పినది నేను తేరుకున్నాక నాకూ మళ్లీ వివరించారు. రక్తం పలచబడినప్పుడు మెదడు కణాల్లోకి నీరు చేరుతుంది, ఆ వాపు తగ్గించుకోవడానికి కణాలు తమలోని లవణాలను బయటికి వదిలి సర్దుకుంటాయి, అలా సర్దుకున్న మెదడుకు సోడియం ఒక్కసారిగా పెంచితే నరాల పై పొర దెబ్బతిని మనిషి కాలూ చెయ్యీ మాటా శాశ్వతంగా పోగొట్టుకోవచ్చు. అందుకే 3 శాతం సెలైన్, అంటే మామూలు సెలైన్ కంటే గాఢమైన ఉప్పునీరు, కొద్దికొద్దిగా ఇస్తూ, గంటల వ్యవధిలో రక్తపరీక్షలు చేస్తూ, రోజు మొత్తానికి 8 అంకెలు మించి పెరగకుండా చూశారు. నీళ్లు కొలిచి ఇచ్చారు. దాహంతో గ్లాసు వైపు చూస్తూ గడిపిన ఆ రోజులే నాకు సూదుల కంటే కష్టంగా అనిపించాయి. మాత్ర ఆపేసి, తర్వాత ఆమ్లోడిపిన్ అనే వేరే రకం రక్తపోటు మాత్రకు మార్చారు. తల తేటపడింది ముందు, కాళ్లకు బలం వచ్చింది చాలా ఆలస్యంగా.

చూడవచ్చిన చుట్టాలందరూ ఒక్క మాట మీద ఉన్నారు: ఉప్పు మానేసినందుకే ఇదంతా జరిగిందని. ఒక వదిన అయితే గోంగూర పచ్చడి సీసాతోనే వచ్చింది. నాకు ఆ తీర్పు సబబుగా తోచలేదు, డాక్టరమ్మ కూడా ఒప్పుకోలేదు. వయసు మళ్లిన ఆడవాళ్లలో, ముఖ్యంగా బక్కపలచని వాళ్లలో, ఈ జాతి మాత్రలు కొందరికి మూత్రపిండాలు అదనపు నీటిని వదిలించుకునే శక్తిని దెబ్బతీస్తాయి. నా విషయంలో మాత్ర, నీళ్లు, వయసు మూడూ కలిశాయి, చప్పిడి తిండి వాటికి తోడైందే తప్ప అసలు కారణం కాదు. అందుకే మాత్ర ఆపి నీళ్లు తగ్గిస్తే కోలుకున్నాను గాని, ఊరగాయ తిని కాదు.

మావారికి అంతగా పనిచేసిన తగ్గింపు నా రక్తపోటును ఎందుకు కదిలించలేదన్నది వేరే సంగతి. తిన్న ఉప్పును కొందరి మూత్రపిండాలు మామూలు రక్తపోటులోనే బయటికి పంపేస్తాయి, కొందరివి రక్తపోటు పెరిగితే గాని పంపలేవు. ఈ రెండోవారికే ఉప్పు తగ్గించినప్పుడు అంకె బాగా దిగుతుంది. 1986లో అమెరికాలో వైన్‌బర్గర్ బృందం మనుషులకు ముందు సెలైన్ ఎక్కించి, మర్నాడు ఉప్పు బాగా తగ్గించి కొలిచినప్పుడు, రక్తపోటు ఉన్నవారిలో 51 శాతం, లేనివారిలో 26 శాతం ఉప్పుకు అలా స్పందించే రకమని తేలింది. అంటే రక్తపోటు ఉన్నవాళ్లలో మావారిలాంటివాళ్లు ఇంచుమించు సగం. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్న హద్దు నాకూ వర్తిస్తుందనీ, ఆ పైకి వెళ్లడానికి ఈ జబ్బును సాకుగా తీసుకోవద్దనీ డాక్టరమ్మ గట్టిగానే చెప్పారు.

ఇప్పుడు కూర మావారి లెక్క ప్రకారమే వండుతాను, నా కంచంలో మాత్రం చిటికెడు కలుపుకుంటాను. నీళ్లు దాహాన్ని బట్టి తాగుతాను. మధ్యలో మా అబ్బాయి పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు తెచ్చాడు. మావారు రక్తపోటుకు టెల్మిసార్టాన్ అనే మాత్ర వేసుకుంటారు, ఆ మందు కూడా పొటాషియం పెంచేదే కాబట్టి రక్తపరీక్ష చేయించకుండా వద్దన్నారు. పరీక్షలో పొటాషియం ఇప్పటికే పై అంచున ఉందని వచ్చింది, ఆ ప్యాకెట్‌ను అబ్బాయి తన ఇంటికి పట్టుకుపోయాడు.