వారంటీలో ఉన్న టర్బో కారు, లోపల ఎవరో మార్చిన సాఫ్ట్‌వేర్: నా అనుభవం

నాది వన్ లీటర్, మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు కారు. గుంటూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆయనే మొదటి ఓనరు. సర్వీసులన్నీ కంపెనీ షోరూములోనే జరిగాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ నా పేరుకు మార్పించుకున్నాక కూడా ఇంకా ఏడాదిపైనే గడువుంది. కొనేముందు వాట్సాప్‌లో ‘ఇంజిన్‌లో గానీ సాఫ్ట్‌వేర్‌లో గానీ ఏమైనా మార్పులు చేయించారా అండీ’ అని అడిగాను. ‘లేదండీ, అంతా కంపెనీదే’ అని జవాబిచ్చారు. ఆ మెసేజి తర్వాత ఎంత పనికొచ్చిందో చెబుతాను.

మే నెల మధ్యాహ్నం, గుంటూరు నుంచి విజయవాడ వస్తున్నాను. కాజ టోల్‌గేటు దాటాక ముందున్న లారీని దాటబోయి టాప్ గేరులోనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. ఇంజిన్ లోపల ఇనుప ముక్కతో కొట్టినట్టు ఒకటే ఒక్క దెబ్బ. వెంటనే బండి వణికింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ మెరవడం మొదలుపెట్టింది, వెనక నీలం పొగ. ఇక్కడ ఒక్క మాట. ఆ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా షోరూము దాకా పోవచ్చు. మెరుస్తోందంటే మాత్రం సిలిండర్‌లో మంట తప్పుతోందని, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి, అంటే సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే డబ్బాలోకి, పోతోందని అర్థం. అక్కడే ఆపేయాలి. నేను మంగళగిరి దాకా కూడా లాగకుండా పక్కకు తీసి టోయింగ్ బండికి ఫోన్ చేశాను. అందువల్ల మిగతా ఇంజిన్ దక్కింది.

షోరూములో స్కానర్ పెడితే రెండో సిలిండర్ మిస్‌ఫైర్ కోడ్ చూపించింది. కాయిల్, ప్లగ్గు మార్చి చూశారు, మార్పు లేదు. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, కొలిస్తే ఒకటి, మూడు సిలిండర్లు బాగానే ఉన్నాయి, రెండోది సగానికి కూడా రావట్లేదు. తర్వాత లీక్‌డౌన్ పరీక్ష, అంటే ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి అది ఎటు పోతోందో వినడం. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఇంటేక్ పైపులో వినిపిస్తే ఇంటేక్ వాల్వు, కూలెంట్ డబ్బాలో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. నా కారులో గాలి ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమంటోంది. అంటే పిస్టన్, రింగుల వైపు.

అసలు వ్యవహారం ఇక్కడ మొదలైంది. ఇంజిన్ విప్పాలంటే జాబ్ కార్డు మీద సంతకం కావాలన్నారు. కింద సన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది: వారంటీ తిరస్కరిస్తే విప్పిన కూలి, మళ్లీ బిగించే కూలి కస్టమరే భరించాలి. సర్వీసు అడ్వయిజర్ కుర్రాడు ‘అందరూ పెట్టేదే సార్, ఫార్మాలిటీ’ అన్నాడు. సంతకం పెట్టాను గానీ దాని పైన నా చేత్తో మూడు వాక్యాలు రాసి పెట్టాను. ఇంజిన్ నా ఎదుట విప్పాలి, తీసిన భాగాలన్నీ నిర్ణయం వచ్చేదాకా భద్రపరచాలి, విప్పకముందే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) రీడింగ్ తీసి నాకో కాపీ ఇవ్వాలి. రాయకూడదని ఎవరూ అనలేదు. జాబ్ కార్డు ఫోటో తీసుకున్నాను. వారంటీ పనికి వెళ్లేవాళ్లు మిగతావన్నీ మర్చిపోయినా ఆ మూడు వాక్యాలు మాత్రం రాసి తీరాలని నా గట్టి అభిప్రాయం.

విప్పితే రెండో పిస్టన్‌లో మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే సన్నటి గట్టు విరిగి, ఒక ముక్క ఊడిపోయి ఉంది. టెక్నీషియన్ దాన్ని రింగ్‌ల్యాండ్ అన్నాడు. ఆ తర్వాత ఒకరోజు షోరూము మేనేజరు పిలిచి, క్లెయిమ్ కుదరదన్నారు. ‘ఈసీయూలో సాఫ్ట్‌వేర్ మార్చి ఉందండీ, రీమ్యాప్ చేయించారు.’ నేను చేయించలేదని చెప్పాను. ‘మీరో, మీ ముందు వాళ్లో మాకు తెలీదండీ, బండి లెక్కలో మార్చినట్టే’ అన్నారు. ఆయన మాట కటువుగా ఉన్నా నిజమే. ఎక్స్‌టెండెడ్ వారంటీ బండితోపాటు నాకు బదిలీ అయినట్టే, బండికి జరిగినవన్నీ నాకు బదిలీ అయ్యాయి.

రీమ్యాప్ అంటే తెలియనివాళ్ల కోసం: ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లోని ఫైలు తీసేసి వేరే ఫైలు రాయడం. ల్యాప్‌టాప్, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టుకు ఒక కేబుల్ ఉంటే చాలు, గంటలో అయిపోతుంది. టర్బో కార్లలో దీనికి గిరాకీ ఎక్కువ. టర్బో లేని ఇంజిన్‌లో ఫైలు మారిస్తే దక్కేది కొంచెమే. టర్బోలో బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి, కాస్త పెంచి, స్పార్క్ కాస్త ముందుకు జరిపి, టార్క్ మీద కంపెనీ పెట్టిన హద్దులు పైకి ఎత్తితే పాతిక శాతం దాకా బలం పెరుగుతుంది. బయటికి ఒక్క నట్టు కూడా మారదు, అందుకే కొనేవాడి కంటికి ఆనదు.

కంపెనీ ఆ బలాన్ని చేతగాక వదిలెయ్యలేదు. కృష్ణా కాలవ గట్టు కట్టేటప్పుడు నిండు నీటిమట్టానికి పైన కొంత ఎత్తు వదులుతారే, అలా వదిలిందది. నాసి పెట్రోలు పడ్డా, 45 డిగ్రీల ఎండలో ఇంటర్‌కూలర్ గాలిని సరిగ్గా చల్లార్చలేకపోయినా, ఇంజిన్ పాతబడి పిస్టన్ మీద కార్బన్ పేరుకున్నా తట్టుకోవాలి. యూరప్‌లో 98 ఆక్టేన్ పెట్రోలు పోసే బండికి రాసిన ఫైలు తెచ్చి, మన బంకులో మామూలు పెట్రోలు పోసే బండిలో, అదీ బెజవాడ ఎండలో నడిపితే ఆ మిగులంతా మొదటిరోజే ఖర్చయిపోతుంది. తర్వాత ఏ చిన్న తేడా వచ్చినా గట్టు దాటుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం నాకు జరిగినట్టు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా (తక్కువ ఆర్‌పీఎమ్) దాని మీద ఎక్కువ భారం పడినప్పుడు. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే టర్బో ఇంజిన్లలో, పిస్టన్ అంచున చేరిన ఆయిలు, పెట్రోలు కలిసిన బొట్టు గానీ, ఊడిన కార్బన్ ముక్క గానీ స్పార్క్ రాకముందే అంటుకోవచ్చు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే లోపల పేలుతుంది. దీన్ని ఎల్‌ఎస్‌పీఐ (లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్) అంటారు. మామూలు నాకింగ్‌లా టకటకమని హెచ్చరించదు, ఒక్క దెబ్బకే రింగ్‌ల్యాండ్ పోవచ్చు. దీనికోసమే 2018లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌ఎన్ ప్లస్ అనే ఆయిల్ ప్రమాణం, 2020లో ఏపీఐ ఎస్‌పీ వచ్చాయి. ఆయిల్‌లో క్యాల్షియం డిటర్జెంటు ఎక్కువైతే ఈ పేలుడు పెరుగుతుందని తేలి, ఆ పాళ్లు మార్చారు. టర్బో పెట్రోలు కారున్నవాళ్లు డబ్బా మీద ఎస్‌పీ అని ఉందో లేదో చూసి పోయించుకోండి. రీమ్యాప్ ఏంచేస్తుందంటే, టర్బో బాగా ఊదే ఆ 1500, 2000 ఆర్‌పీఎమ్ మధ్యలోనే ఒత్తిడి ఇంకా పెంచుతుంది. అంటే ఎక్కడ ఎక్కువ భయముందో అక్కడే.

తిరస్కరించిన సంగతి నోటిమాటగా వద్దు, కాగితం మీద కావాలన్నాను. బుక్‌లెట్‌లో ఏ షరతు ప్రకారం, ఏ రీడింగ్ ఆధారంగా అని అడుగుతూ మెయిల్ పెట్టి, కంపెనీ కస్టమర్ కేర్‌కూ కాపీ పెట్టాను. కొన్ని రిమైండర్ల తర్వాత లేఖ, దానితో ఈసీయూ నివేదిక వచ్చాయి. అందులో రెండు సంగతులున్నాయి. కంప్యూటర్‌లో ఉన్న ఫైలు తాలూకు సీవీఎన్, అంటే ఫైలులో అక్షరం మారినా మారిపోయే తనిఖీ సంఖ్య, కంపెనీ దానితో కలవలేదు. ఈసీయూలో ఫైలు ఎన్నిసార్లు రాశారో లెక్క ఉంటుంది, అది సర్వీసు రికార్డులో ఉన్న అప్‌డేట్ల కన్నా ఎక్కువుంది. చివరిసారి రాసిన తేదీ కూడా ఉంది. అది నేను బండి కొన్న తేదీకి చాలా ముందు.

నా వారంటీని కొట్టేసిన ఆ కాగితమే గుంటూరు పెద్దమనిషి మీద నాకు దొరికిన సాక్ష్యం.

ఆయనకు ఫోన్ చేశాను. మొదట తెలియదన్నారు. తర్వాత ‘మావాడు ఏదో చేయించాడేమోనండీ, అమ్మేముందు తీయించేశాడనుకున్నా’ అన్నారు. తెలిసిన లాయరు గారిని కలిస్తే నాకు తెలియని విషయం చెప్పారు. సొంత కారు అమ్ముకున్న మామూలు మనిషి మీద వినియోగదారుల కమిషన్‌కు పోలేం, ఆయన వ్యాపారి కాదు కాబట్టి. అదే కారు సెకండ్ హ్యాండ్ డీలరు దగ్గర కొని ఉంటే పోవచ్చు. వ్యక్తి మీదైతే 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద, నిజం కాని మాట చెప్పి అమ్మాడని సివిల్ దావా. నోటీసులో వాట్సాప్ మెసేజి, ఈసీయూ తేదీ, ఫోన్లో ఒప్పుకున్న మాట మూడూ పెట్టించారు. కోర్టు దాకా పోలేదు. ఆయన అన్నగారు మధ్యలోకి వచ్చి, రిపేరు బిల్లులో సగం ఇవ్వడానికి ఒప్పించారు. పూర్తిగా న్యాయం జరిగిందని నేననుకోవడం లేదు, కానీ దావా వేసి ఏళ్లపాటు తిరిగే ఓపిక నాకూ లేదు.

కంపెనీతో ఇంకో పేచీ మిగిలింది. తిరస్కరణ లేఖ చివర ‘మొత్తం వారంటీ రద్దు’ అని ఉంది. ఇది మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇంటర్నెట్‌లో చాలామంది, మార్పు వల్లే భాగం పాడైందని కంపెనీయే నిరూపించాలని ధైర్యంగా రాస్తుంటారు. వాళ్లు చెప్పేది అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నుసన్ మాస్ చట్టం గురించి. అది ఇక్కడ చెల్లదు. మన దగ్గర వారంటీ ఒక ఒప్పందం, బుక్‌లెట్‌లో ఏముందో అదే లెక్క. అందుకని బుక్‌లెట్ ముందేసుకుని అక్షరం అక్షరం చదివాను. మార్పు ‘కారణంగా కలిగిన లోపాలకు’ వారంటీ వర్తించదని ఉంది, మొత్తం రద్దవుతుందని ఎక్కడా లేదు. ఏసీకీ పవర్ విండోలకీ సాఫ్ట్‌వేర్‌తో ఏం సంబంధం?

ఆ వాక్యాన్ని ఎత్తిరాసి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్ ద్వారా ఇంటినుంచే కేసు వెయ్యాలని కాగితాలు సిద్ధం చేసుకున్నాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే వెయ్యొచ్చు, గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వెయ్యాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నాకు ఆ అవసరం రాలేదు. ఇంజిను, టర్బో, గేర్‌బాక్సు మినహా మిగతా వారంటీ గడువు దాకా కొనసాగుతుందని కంపెనీ మెయిల్ పంపింది.

ఇన్సూరెన్సు సంగతి కూడా అడుగుతారని చెబుతున్నా, అది దీనికి పనికిరాదు. మామూలు పాలసీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు ఇవ్వదు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉన్నా అది ముఖ్యంగా నీళ్లు దూరడం, ఆయిల్ కారిపోవడం లాంటివాటికే.

షోరూములో కొత్త షార్ట్ ఇంజిన్ (పిస్టన్లతో సహా ఇంజిన్ కింది భాగం) వెయ్యాలంటే చెప్పిన అంచనా వినగానే బండి ఆటోనగర్‌కు తెచ్చాను. ఆటోనగర్ అంటే లారీ బాడీలే అనుకునేవాళ్లున్నారు గానీ, ఏ లేత్ పని ఎవరు బాగా చేస్తారో తెలిస్తే అక్కడ దొరకని నైపుణ్యం లేదు. పెద్దాయన, మేస్త్రీ గారు, పిస్టన్ చేతిలోకి తీసుకుని వేలితో విరిగిన చోటు తడిమి, ‘పిస్టన్ మారిస్తే అయిపోదు బాబూ, ఊడిన ముక్క ఎటు పోయిందో ముందు చూడాలి’ అన్నారు. సిలిండర్ గోడ బోర్ గేజ్‌తో కొలిచి, గీతలు లోతుగా లేవని తేల్చారు. రాడ్డు వంగిందేమో చూశారు. ముక్కలు ఎగ్జాస్ట్ వాల్వు దాటి పోతే టర్బో రెక్కలకు తగులుతాయి కాబట్టి టర్బో విప్పి, రెక్కల అంచులు, షాఫ్ట్ ఆట చూశారు. సంపు విప్పి, ఆయిల్ లాగే జల్లెడలో ఇరుక్కున్న అల్యూమినియం రజను నాకు చూపించారు. ఆ జల్లెడ కడక్కుండా బిగిస్తే కొత్త బేరింగులు కూడా పోతాయన్నారు. మూడు పిస్టన్లూ రింగుల సెట్టూ కంపెనీవే తెప్పించాం. ఇంజెక్టర్లు పరీక్షించి, ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిలు కడిగారు. బిల్లు లక్షన్నర దాటింది.

బిగించాక, మొదటిసారి స్టార్ట్ చెయ్యకముందే బండిని మళ్లీ షోరూముకు టోయింగ్ చేయించి కంపెనీ ఫైలు రాయించి, రాసినట్టు బిల్లు మీద స్పష్టంగా వేయించుకున్నాను. పాత రీమ్యాప్ మీద కొత్త పిస్టన్లు తిప్పనని మేస్త్రీ గారికి మాటిచ్చాను.

ఇప్పుడు టర్బో కారు చూడ్డానికి ఎవరు పిలిచినా ముందు ఓబీడీ స్కానర్ పట్టుకెళ్తాను. స్కానర్‌లో మోడ్ 09 అనే పేజీ తెరిస్తే కాలిబ్రేషన్ ఐడీ (ఫైలు పేరు లాంటిది), సీవీఎన్ కనిపిస్తాయి. వాటి ఫోటో తీసి, ఆ ఛాసిస్ నంబరుకు అవి సరైనవేనా అని షోరూములో అడగాలి. తెలివిగా రాసిన ఫైలు పాత సీవీఎన్నే చూపించగలదు, అందుకని ఇదొక్కటే చాలదు. కొన్ని కంపెనీలకు సొంత గుర్తులున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండి ట్యూన్ చేసినట్టు తేలితే డీలర్ల వ్యవస్థలో టీడీ1 అని పడుతుంది, తర్వాత కంపెనీ ఫైలు మళ్లీ రాసినా ఆ గుర్తు ఊరికే పోదు. కాబట్టి డబ్బు ఇవ్వకముందే వారంటీ స్థితిని కంపెనీ నుంచి మెయిల్‌లో రప్పించుకోవాలి. అమ్మేవాళ్ల చేత ‘ఈసీయూలో మార్పులు చేయించలేదు’ అని సేల్ అగ్రిమెంటులోనే రాయించుకోవాలి. మొహమాటం అనిపిస్తుంది, అయినా అడగండి. నిజంగా చెయ్యనివాళ్లు సంతకానికి వెనకాడరు.

మొన్న వేసవిలో ఏసీ కంప్రెసర్ పోయింది. కౌంటర్ దగ్గర సిస్టమ్‌లో చూసి ‘ఈ బండికి వారంటీ లేదు సార్’ అన్నారు. మెయిల్ తీసి చూపించాను. రూపాయి తీసుకోకుండా కంప్రెసర్ మార్చారు.