ట్యాంకు రాసిన వీలునామా

గుంటూరు బ్రాడీపేటలో మాదొక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. కింద సంపు, డాబా మీద సిమెంటు ట్యాంకు. మోటారు వేయడం వాచ్‌మన్ పని, ఆపించడం మాత్రం అందరి పని. నీళ్లు పొర్లే చప్పుడు వినపడగానే ఎవరో ఒకరు బాల్కనీలోంచి "మోటారూ!" అని కేక వేస్తారు. పోయిన వేసవిలో సెక్రటరీ పదవి నా నెత్తిన పడింది. ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి కదా, ఆ కేకేదో ట్యాంకు చేతే వేయిద్దామనుకున్నాను.

మీటింగులో ఆ మాట చెబితే మూడో అంతస్తు మాస్టారు, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, "ట్యాంకుకి ఇంటర్నెట్ ఎందుకయ్యా?" అన్నారు. వస్తువు తన సంగతి తనే చెప్పుకుంటుందండీ, దాన్నే ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్, ఐఓటీ అంటారన్నాను. ఆయన ముఖంలో నమ్మకం కనపడలేదు.

నిజానికి ఈ ఐఓటీ గోల మొదలైందీ, దగ్గరికి వెళ్తే తప్ప సంగతి తెలియని ఇలాంటి కష్టంతోనే. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ విభాగం వాళ్లు కోక్ మెషీన్ దాకా నడిచి వెళ్తే అది ఖాళీగా ఉండేది, లేదా అప్పుడే నింపిన వెచ్చటి సీసా చేతికొచ్చేది. విసుగెత్తి మెషీన్ మీద వెలిగే లైట్లకు వైర్లు కలిపి కంప్యూటర్‌కిచ్చారు. ఏ వరసలో చల్లటి సీసా ఉందో 1982 నాటికే కుర్చీలోంచి చూసుకునేవారు. ఐఓటీ అన్న పేరు మాత్రం 1999లో, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో పనిచేసే కెవిన్ ఆష్టన్ పెట్టాడు. లిప్‌స్టిక్ షాపుల్లో నిండుకుంటే కంపెనీకి తెలిసేదెలా అన్నది ఆయన చిక్కు.

మా నాన్నకి ఈ కథలేవీ అక్కర్లేదు. ప్రత్తిపాడు వైపు మా ఊళ్లో మిరప వేస్తాడు. ఒకప్పుడు త్రీఫేజు కరెంటు ఏ అర్ధరాత్రో వస్తే టార్చి పట్టుకుని, పాములకి భయపడుతూ బోరు దగ్గరికి వెళ్లేవాడు. తరవాత మొబైల్ స్టార్టర్ పెట్టించాడు. అందులో సిమ్ ఉంటుంది. కరెంటు రాగానే అదే ఫోన్ చేస్తుంది, మంచం మీద నుంచే నంబరు నొక్కితే మోటారు తిరుగుతుంది. పేరు తెలియకుండానే మా ఇంట్లో మొదటి ఐఓటీ ఆయనదన్నమాట.

నా పెట్టె సంగతికొస్తాను. ట్యాంకు మూత కింద అల్ట్రాసోనిక్ సెన్సార్ పెట్టాను. అది గబ్బిలంలాగా మన చెవికందని కూత వేసి, నీళ్లకు తగిలి తిరిగొచ్చిన టైమును బట్టి దూరం లెక్కగడుతుంది. పక్కన వైఫై ఉన్న చిన్న బోర్డు, ఈఎస్‌పీ8266. కింద స్టార్టర్ దగ్గర ఇంకో బోర్డు, పై బోర్డు కబురు అందగానే మోటారు ఆపే రిలే అనే స్విచ్చి.

మొదటి వారమే ఓ వింత. మధ్యాహ్నం మోటారు వేయకపోయినా ట్యాంకులో నీళ్లు నాలుగైదు సెంటీమీటర్లు పెరిగేవి. రాత్రికి మళ్లీ తగ్గేవి! "మన ట్యాంకు ఎండకి పొంగుతోందయ్యా" అని నవ్వి, ఆ చిక్కు మాస్టారే విప్పారు. 20 డిగ్రీల దగ్గర ధ్వని సెకనుకు 343 మీటర్లు వెళ్తుంది, 40 డిగ్రీల దగ్గర దాదాపు 355. నేనేమో ఎప్పుడూ 343తోనే లెక్క వేస్తున్నాను. కూత త్వరగా తిరిగొచ్చేసరికి నీళ్లు దగ్గరున్నాయనుకుంటోంది నా పెట్టె. గుంటూరు ఎండని లెక్కలోకి తీసుకోని బుర్ర నాది. ఒక టెంపరేచర్ సెన్సార్ తగిలిస్తే సరిపోయింది.

అసలు దెబ్బ ఏప్రిల్లో తగిలింది. రెండో అంతస్తు పిన్నిగారు డాబా మీద ఊరమిరపకాయలు ఎండబోశారు. మోటారు తిరుగుతోంది. వీధిలో ఎవరో తవ్వుతుంటే కేబుల్ తెగి నెట్ పోయింది. ట్యాంకు నిండింది. "ఆపు" అన్న మాట మాత్రం కిందికి రాలేదు. ట్యాంకు నుంచి సంపుకి నలభై అడుగులుంటుందేమో, నేను రాసిన పద్ధతిలో ఆ మాట ఎక్కడో ఉన్న సర్వరు దాకా వెళ్లి రావాలి. కేక వేసేవాళ్లు కూడా పెట్టె చూసుకుంటుందిలే అని ఊరుకున్నారు. మిరపకాయలు తేలుతుంటే పిన్నిగారు నన్ను ఏమీ అనలేదు. అదే ఇంకా బాధ.

ఆ రాత్రే అంతా మార్చాను. ట్యాంకులో మామూలు ఫ్లోట్ స్విచ్ వేలాడదీసి, దాని వైరు తిన్నగా స్టార్టర్‌కి ఇచ్చాను. నిండితే నెట్ ఉన్నా లేకపోయినా మోటారు ఆగాల్సిందే. నెట్ పని కబురు చెప్పడం వరకే. రెండోది, పైపెట్టె నుంచి నిమిషం పాటు ఉలుకూపలుకూ లేకపోతే కిందిపెట్టె తనంతట తనే మోటారు ఆపేస్తుంది.

ఈ పెట్టెలు మాట్లాడుకునే పద్ధతి పేరు ఎంక్యూటీటీ. 1999లో ఆయిల్ పైపులైన్ల సమాచారం శాటిలైట్ ద్వారా పొదుపుగా పంపడానికి పుట్టింది. అందులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. కనెక్ట్ అయ్యేటప్పుడే పరికరం సర్వరు దగ్గర ఒక మాట దాచిపెడుతుంది. అది చెప్పకుండా మాయమైతే, దాని కబుర్లు కావాలని ముందే అడిగిపెట్టుకున్న వాళ్లకి సర్వరు ఆ మాటని వినిపిస్తుంది. దాని పేరే వీలునామా! మా ట్యాంకు వీలునామాలో "నన్ను నమ్మకండి, పైకెక్కి చూడండి" అని రాశాను. పైపెట్టె మూగబోతే అది నా ఫోన్లో మోగుతుంది. మా ఇంటి నెట్టే పోయిందనుకోండి, ఫోన్ బయట సిగ్నల్‌తో ఉంటుంది కాబట్టి అప్పుడూ మోగుతుంది.

ఈ ఊపులోనే గేటు దగ్గర సీసీ కెమెరా కూడా చూశాను. కంపెనీ వాడిచ్చిన పాస్‌వర్డే ఇంకా ఉంది. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి పాస్‌వర్డులు పెట్టుకున్న కెమెరాలనే లక్షల్లో లొంగదీసుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్లని పడగొట్టింది. మార్చేశాను, మార్చింది వాచ్‌మన్‌కి చెప్పడం మర్చిపోయాను, అది వేరే గొడవ.

మొన్న పిన్నిగారు మళ్లీ మిరపకాయలు ఎండబోశారు. చాప పరుస్తూ నా వైపు చూసి, "ఏం అబ్బాయ్, ఇవాళ మీ పెట్టె బాగానే ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. అయినా చాపని ట్యాంకుకి దూరంగా, అవతలి పిట్టగోడ దాకా లాక్కెళ్లి పరిచారు.