ముందుగా కొన్నవారి సంగతి

2007 జనవరి 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ తొలి ఐఫోన్‌ను చూపించిన వీడియోను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఐపాడ్, ఫోన్, ఇంటర్నెట్ పరికరం అంటూ ఆ మూడు మాటలనే ఆయన మళ్లీ మళ్లీ వల్లిస్తూ ఉంటే, అవి మూడు వస్తువులు కావని, ఒక్కటేనని సభకు మెల్లగా అర్థమై చప్పట్లు పెరుగుతూ పోయే ఆ ఘట్టం కోసమే దాన్ని మళ్లీ మళ్లీ చూస్తాను.

ఆ ఆశ్చర్యం ఊరికే పుట్టింది కాదు, సంస్థ పాటించిన కఠినమైన గోప్యత నుంచి పుట్టింది. ఆ ఫోన్ సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపించిన స్కాట్ ఫోర్‌స్టాల్ 2012లో శాంసంగ్‌తో సాగిన దావాలో సాక్ష్యమిస్తూ, బయటివారిని ఉద్యోగంలోకి తీసుకోవడానికి తనకు అనుమతి లేదని, సంస్థలోనే ఉన్న ఇంజనీర్లను పిలిచినప్పుడు కూడా ఏ పనికి పిలుస్తున్నదీ చెప్పలేకపోయానని వివరించారు. అమ్మకం జూన్ 29న మొదలు కావలసి ఉండగా జనవరిలోనే ఫోన్‌ను చూపించడానికి కారణం కూడా గోప్యతే. రేడియో పరికరాలకు అమెరికా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆ దరఖాస్తు ద్వారా విషయం బయటపడటం కంటే తామే చెప్పడం మేలని జాబ్స్ ఆ వేదిక మీదే అన్నారు.

కొత్త వస్తువు గురించి ముందే చెబితే ఉన్న సరుకు అమ్ముడుపోదన్న భయం సహేతుకమైనదే. రాబోయే కంప్యూటర్ గురించి తొందరపడి చెప్పి 1983లో దివాలా తీసిన ఆస్బోర్న్ సంస్థ పేరు ఈ రంగంలో నేటికీ ఒక హెచ్చరికగానే వినిపిస్తుంది. అయితే ఆ భయానికి అవతలి వైపు కొనుగోలుదారు ఉన్నాడు. రేపు ఏమి రానున్నదో అతనికి తెలియకపోవడం వల్లనే ఈనాటి సరుకు అమ్ముడవుతోంది. నన్ను బాధించేది ఇదే: ఈ మౌనానికి ఎక్కువ మూల్యం చెల్లించేది అందరికంటే ముందు నమ్మి కొన్న అభిమాని.

తొలి ఐఫోన్ విషయంలోనే అది జరిగింది. వరుసలో నిలబడి 599 డాలర్లు పెట్టి కొన్న ఫోన్ ధర సెప్టెంబరు 5న, అంటే పది వారాలైనా నిండకముందే, 399 డాలర్లకు దిగింది. కోపంతో ఉత్తరాలు వెల్లువెత్తిన తరువాత జాబ్స్ బహిరంగ లేఖ రాసి, తొలి కొనుగోలుదారులకు తమ దుకాణాల్లో వాడుకునేలా 100 డాలర్లు జమ చేస్తామన్నారు. క్షమాపణ చెప్పడం మంచిదే. అయినా ఆ రెండు వందలలో సగమే వెనక్కి వచ్చింది.

గోప్యత కోసం అభిమానులనే న్యాయస్థానానికి లాగిన సందర్భం నాకు ఇంకా కష్టంగా తోస్తుంది. ఒక విద్యార్థి నడిపిన థింక్ సీక్రెట్ అనే సైట్ మ్యాక్ మినీ అనే చిన్న కంప్యూటర్ వివరాలను ముందుగా బయటపెట్టినందుకు ఆపిల్ 2005లో దావా వేసింది. 2007 చివర రాజీ కుదిరి ఆ సైట్ మూతపడింది. ఆ వస్తువులను ప్రాణంగా ప్రేమించకపోతే ఎవరు అంత శ్రమపడి వాటి ఆచూకీ వెతుకుతారు? (వదంతులు చదవడం నేను మానేసి చాలా కాలమైంది, అన్నీ ముందే తెలిసిపోతే ఆవిష్కరణ సభ చప్పగా అనిపించేది.)

అన్నింటికంటే విలువైన పాఠం, వృత్తి నిపుణుల కోసం ఆపిల్ చేసిన శక్తిమంతమైన కంప్యూటర్ మ్యాక్ ప్రో కథలో ఉందని నా నమ్మకం. 2013 డిసెంబరులో వచ్చిన ఆ యంత్రం ఏళ్ల తరబడి కొత్త రూపం లేకుండా ఉండిపోయింది. సినిమా ఎడిటింగ్‌తో, సంగీతంతో జీవనం సాగించేవారు ఎదురుచూడాలో, వేరే యంత్రానికి మారాలో తేల్చుకోలేకపోయారు. వారికి కావలసింది ఆశ్చర్యం కాదు, ఒక్క మాట. చివరకు 2017 ఏప్రిల్‌లో ఆపిల్ కొద్దిమంది విలేకరులను పిలిచి, పాత రూపకల్పన వేడి విషయంలో తమను ఇరుకున పెట్టిందని ఒప్పుకొని, కొత్తది తయారవుతోందని, అది ఆ ఏడాది రాదని స్పష్టంగా చెప్పింది. ఆకారం, ధర, తేదీ మాత్రం చెప్పలేదు. కొత్త యంత్రాన్ని 2019 జూన్‌లో వేదికపై చూపినప్పుడు, అది వస్తోందని రెండేళ్లుగా తెలిసి ఉన్న సభ కూడా చప్పట్లతో మారుమోగింది.