మిసెస్ స్ప్రాగ్ వైపు నుంచి చూస్తే

1898 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని సర్రీ కౌంటీలో, ఆకమ్ అనే పల్లెటూళ్ళో, ఒక పెద్దింటావిడ సైకిలు దిగి సత్రంలోకి వెళ్ళి భోజనం అడిగింది. ఆవిడ పేరు లేడీ హార్బర్టన్. వేసుకున్నది గౌను కాదు, మోకాళ్ళ కింది దాకా వచ్చే వదులు నిక్కరు. ఆ సత్రం పేరు హోబాయ్, దాన్ని నడిపేది మిసెస్ స్ప్రాగ్ అనే ఆవిడ. ఆవిడ ఆ నిక్కరు చూసి, కాఫీ రూములోకి రానివ్వను, కావాలంటే బార్ పార్లర్‌లో కూర్చోండి, అక్కడికి తెచ్చిపెడతాను అంది. కాఫీ రూమంటే పేరుకే కాఫీ, నిజానికి మర్యాదస్తులు కూర్చుని భోంచేసే గది. బార్ పార్లర్ అంటే ఊళ్ళో మగవాళ్ళు బీరు తాగుతూ పొగ వదిలే చోటు. లేడీ హార్బర్టన్ అక్కడ కూర్చోనని వెళ్ళిపోయింది, వ్యవహారం కోర్టుకెక్కింది.

ఈ కథ ఎక్కడ చదివినా లేడీ హార్బర్టన్ వైపు నుంచే ఉంటుంది. అందులో తప్పేం లేదు, 1881లో పుట్టిన రేషనల్ డ్రెస్ సొసైటీలో ఆవిడ ముఖ్యురాలు, ఆడవాళ్ళకి ఒళ్ళు కదలనిచ్చే బట్టలు కావాలని ఏళ్ళ తరబడి పోరాడిన మనిషి. కానీ నాకు కుతూహలమంతా ఆ రెండో ఆవిడ మీదే. పూటకూళ్ళమ్మ అంటే మనకి ఒక బొమ్మ కళ్ళ ముందుకొస్తుంది కదా, మిసెస్ స్ప్రాగ్ పరిస్థితి దానికంటే చాలా చిక్కుగా ఉండేది.

ముందు ఆ కట్టడం సంగతి. హోబాయ్‌ని 1864లో కట్టించింది ఎర్ల్ ఆఫ్ లవ్‌లేస్. కంప్యూటర్ల చరిత్రలో పేరు వినిపించే ఏడా లవ్‌లేస్ భర్త ఈయనే, అప్పటికి ఆవిడ పోయి పన్నెండేళ్ళు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఈయన ఇటుకల పిచ్చి ఇప్పటికీ కనిపిస్తుంది, ఇళ్ళూ వంతెనలూ అన్నీ నగిషీలతో కట్టించాడు. అంటే పల్లెటూరి సత్రమే అయినా హోబాయ్ మామూలు పూరిల్లు కాదు, జమీందారు దర్జాకి తగ్గట్టు కట్టిన భవనం.

అయితే 1864 సత్రాలకి మంచి కాలం కాదు, సరిగ్గా చెప్పాలంటే చాలా చెడ్డ కాలం. అంతకు ముందు రోడ్డు పక్క సత్రాలు బతికింది గుర్రపు బళ్ళ మీద. గుర్రాలు మార్చడానికి బండి ఆగేది, ప్రయాణికులు దిగి గబగబా తినేవాళ్ళు, రాత్రయితే పడుకునేవాళ్ళు. 1838లో లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి, 1841లో బ్రిస్టల్‌కి రైలు మార్గాలు పూర్తయ్యాయి, 1846 కల్లా లండన్ నుంచి బయలుదేరే మెయిల్ కోచీలు, అంటే టపా మోసే గుర్రపు బళ్ళు, ఆగిపోయాయి. డజన్ల కొద్దీ గుర్రాల్ని కట్టేసిన సాలలు ఖాళీ. ఊరివాళ్ళు తాగే బీరు మీదే ఇల్లు గడవాలి, అది గడవదు, అందుకే పల్లెటూరి సత్రం నడిపేవాడు పక్కన వ్యవసాయమో కమ్మరి పనో మాంసం కొట్టో కూడా పెట్టుకునేవాడు. ఊళ్ళోవాళ్ళ పేర్లూ వృత్తులూ అచ్చేసిన ఆ కాలపు డైరెక్టరీలు తిరగేస్తే ఒకే పేరు పక్కన రెండు వృత్తులు కనిపించడం మామూలే. భర్త పోతే లైసెన్సు భార్య పేరుకి మారడమూ అంతే మామూలు.

పోటీ ఇంకో తలనొప్పి. 1830లో వచ్చిన బీర్‌హౌస్ చట్టంతో, పన్ను కట్టే గృహస్థుడెవరైనా రెండు గినీలు పడేస్తే ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు, మేజిస్ట్రేటు అనుమతి అక్కర్లేదు. కొన్ని నెలల్లోనే వేల దుకాణాలు తెరుచుకున్నాయి. ఆ తలుపులు మళ్ళీ మేజిస్ట్రేట్ల చేతిలోకి రావడానికి 1869 దాకా పట్టింది.

ఇక లైసెన్సు. ఏటా మేజిస్ట్రేట్ల ముందు నిలబడి కొత్త చేయించుకోవాలి. 1872 చట్టం వచ్చాక తాగి తూలేవాడికి పోసినా, జూదం ఆడనిచ్చినా జరిమానా పడుతుంది, ఆ శిక్ష లైసెన్సు మీద నమోదవుతుంది, మూడోసారి అయితే లైసెన్సే పోతుంది. ఆదివారం మూసి ఉండే వేళల్లో నిజమైన ప్రయాణికుడికి మాత్రం పోయవచ్చు, 1874 చట్టం ప్రకారం ముందు రాత్రి కనీసం మూడు మైళ్ళ అవతల పడుకున్నవాడే ప్రయాణికుడు. గుమ్మంలో నిలబడ్డవాడు ఎక్కడ పడుకున్నాడో తేల్చాల్సింది ఎవరు? లైసెన్సు ఉన్నవాళ్ళే! ఈ టెన్షన్‌కి తోడు, అనుమానాస్పదంగా ఎవరైనా చస్తే విచారణ కూడా చాలాసార్లు సత్రంలోనే జరిగేది, ఊళ్ళో అంత పెద్ద గది ఇంకొకటి ఉండేది కాదు మరి.

బీరుకొట్టుకి లేని బాధ్యత ఒకటి సత్రానికుంది. గది ఖాళీగా ఉండి, డబ్బివ్వగలిగిన ప్రయాణికుడు వస్తే సరైన కారణం లేకుండా పొమ్మనకూడదు. ఇది శతాబ్దాల నాటి చట్టం. బస చేసినవాళ్ళ సామాను పోతే సత్రంవాళ్ళే కట్టుకోవాలి. 1863లో ఆ మొత్తాన్ని 30 పౌన్లకి పరిమితం చేశారు గానీ, గుర్రాలకీ బళ్ళకీ ఆ పరిమితి లేదు, తమ తప్పు వల్ల పోయినా లేదు. ఇటువైపు కొంచెం ఊరట ఏమిటంటే, బాకీ పెట్టి పారిపోయినవాడి సామాను ఆరు వారాలు చూసి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి వేలం వేసుకోవచ్చని 1878లో చట్టం వచ్చింది.

చచ్చిన సత్రాల్ని మళ్ళీ లేపింది సైకిలే. 1885లో రోవర్ సేఫ్టీ సైకిలు, అంటే ఇప్పటి సైకిలు లాంటిది, వచ్చాక లండన్ జనం ఆదివారాలు రోడ్ల మీద పడ్డారు. ఆకమ్ పక్కనే ఉన్న రిప్లీలో యాంకర్ అనే సత్రాన్ని డిబుల్ కుటుంబం ఆడవాళ్ళు నడిపేవాళ్ళు, అది సైకిలువాళ్ళకి పుణ్యక్షేత్రమైపోయింది. సైకిలు యాత్రికుల సంఘమైన సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ కొన్ని సత్రాలతో ధరలు మాట్లాడుకుని, రెక్కల చక్రం గుర్తున్న ఫలకం తగిలించేది. కాబట్టి సైకిలు మీద వచ్చిన మనిషిని కాదనడం వ్యాపారం తెలిసినవాళ్ళు తేలిగ్గా చేసే పని కాదు. అయినా మిసెస్ స్ప్రాగ్ కాదంది. మూర్ఖత్వం అనుకోవచ్చు. నాకైతే, ఆ నిక్కరు చూసి కాఫీ రూములోని మిగతా కుటుంబాలు లేచి వెళ్ళిపోతాయన్న భయమే ఎక్కువ అనిపిస్తుంది. సత్రానికి పరువే పెట్టుబడి, దాన్ని ఏటా మేజిస్ట్రేట్ల ముందు చూపించుకోవాలి కూడా.

క్లబ్బే ముందుండి కేసు నడిపించింది. 1899 ఏప్రిల్‌లో కింగ్‌స్టన్‌లో విచారణ. ప్రయాణికురాలికి భోజనం పెట్టలేదన్నది ఆరోపణ. పెట్టనన్నానా, ఆ గదిలో పెడతానన్నాను అన్నది జవాబు. జ్యూరీ మిసెస్ స్ప్రాగ్‌ని నిర్దోషి అంది.

న్యాయం ప్రకారం ఆ తీర్పు సరైనదేనని నా ఉద్దేశం, లేడీ హార్బర్టన్ మీద నాకెంత గౌరవం ఉన్నా సరే. తిండి పెట్టాలని చట్టం చెప్పింది గానీ ఏ గదిలో పెట్టాలో చెప్పలేదు. క్లబ్బు వకీళ్ళు దిగాల్సింది ఈ కేసుతో కాదు, గుమ్మంలోంచే వెళ్ళగొట్టిన కేసేదైనా దొరికి ఉంటే గెలిచేవాళ్ళేమో.